లావు టైరు మంచిదేనా?

వీథిలో స్పోర్ట్స్ మోటారు సైకిలు ఆగితే చాలు, పిల్లలంతా దాని చుట్టూ మూగుతారు. అందరి కళ్లూ పడేది వెనుక టైరు మీద. "అబ్బ, ఎంత లావుగా ఉన్నదో!" అనుకుంటారు. మీ అన్నయ్యకు ఒక మోటారు సైకిలు ఉంటే, "ఇంకా లావు టైరు వేయిస్తే రోడ్డును ఇంకా బాగా పట్టుకుంటుంది," అని అతను అనటం మీరు వినే ఉంటారు. ఇది నిజమేనా?

ముందు టైరు పక్కన ఉండే అంకెలు చదవటం నేర్చుకుందాం. 180/55, తరవాత 17 అని ఉన్నదనుకోండి. 180 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే టైరు ఎత్తు ఆ వెడల్పులో నూటికి 55 వంతులని. అంటే 99 మిల్లీమీటర్లు. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. కాని అసలు ముఖ్యమైన కొలత ఒకటి ఇందులో లేదు. అది రిమ్ము వెడల్పు! 160 టైరుకు నాలుగున్నర అంగుళాల రిమ్ము సరిపోతుంది. 180 టైరుకు ఐదున్నర అంగుళాల రిమ్ము కావాలి.

నాలుగున్నర అంగుళాల రిమ్ముకే 180 టైరు తొడిగితే ఏమవుతుంది? ఒక పోస్టుకార్డు తీసుకోండి. దాని రెండు అంచులనూ రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి నొక్కండి. కార్డు మధ్యలో పైకి ఉబుకుతుంది. మీ చేతులే రిమ్ము అంచులు, కార్డే టైరు. ఇరుకు రిమ్ములో లావు టైరు కూడా ఇలాగే నడిమిభాగం పైకి పొడుచుకు వస్తుంది. అప్పుడు డబ్బు పోసి కొన్న వెడల్పంతా పక్కలకు పోయి, బండి వాలినా రోడ్డును సరిగా తాకదు. ఒక్కొక్కసారి టైరు గొలుసుకు రాసుకుంటుంది కూడా.

సరే, రిమ్ము సరిపోయిందనే అనుకుందాం. వెనుక చక్రం మీద 100 కిలోల బరువున్నది. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు. ఆ బరువును మోయటానికి సుమారు 40 చదరపు సెంటీమీటర్ల టైరు నేలను తాకితే సరిపోతుంది. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే దాదాపు అంతే! టైరు లావైతే ఈ మచ్చ ఆకారం మారుతుందేగాని, పెద్దగా పెరగదు. పైగా లావు టైరు బరువు కూడా ఎక్కువ. మలుపులో బండి త్వరగా వాలదు. అదే మలుపు అదే వేగంతో తిరగాలంటే మరికాస్త ఎక్కువ వాలవలసి వస్తుంది.

మరి పెద్ద బండ్లకు లావు టైర్లెందుకు? ఇంజను బలం కోసం. 1969లో వచ్చిన హోండా సీబీ 750 ఇంజను బలం 67 అశ్వశక్తులు. దాని వెనుక టైరు వెడల్పు నాలుగు అంగుళాలే, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు. 1998లో వచ్చిన యమహా ఆర్ 1 బలం 150 అశ్వశక్తులు. దాని టైరు 190 మిల్లీమీటర్లు. అంత బలం రబ్బరును ఈడ్చేటప్పుడు పుట్టే వేడినీ, అరుగుదలనూ తట్టుకోవాలంటే ఎక్కువ రబ్బరు కావాలి. చిన్న ఇంజనుకు ఆ అవసరం లేదు.

మన దేశంలో 2008లో వచ్చిన యమహా ఆర్ 15 వెనుక టైరు 100 మిల్లీమీటర్లు. 2011లో దాన్ని 130 చేశారు. అయితే ఉత్త టైరు ఒక్కటే మార్చి ఊరుకోలేదు. చక్రాలు కూడా కొత్తవి వేశారు.

కాబట్టి అన్నయ్య టైరు కొనటానికి బయలుదేరినప్పుడు మీరు రెండు ప్రశ్నలు అడగండి: "బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ కొలత ఉన్నది? మన రిమ్ము వెడల్పెంత?" నవ్వితే నవ్వనివ్వండి. మలుపులో అన్నయ్య ప్రాణం ఆ రెండు అగ్గిపెట్టెలంత చోటు మీదే ఆధారపడి ఉంటుంది మరి!