పేరు చెరిపేసినా చెరగని ఆట

పెలే, సిల్వెస్టర్ స్టాలోన్ కలిసి నటించిన ‘ఎస్కేప్ టు విక్టరీ’ 1981లో వచ్చింది. యుద్ధఖైదీల జట్టుకూ నాజీల జట్టుకూ పారిస్‌లో జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ ఆ సినిమాకు ఆయువుపట్టు. తెర మీద పారిస్ అన్నారు గానీ, ఆ మ్యాచ్ తీసింది హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో, ఎంటీకే అనే క్లబ్బు మైదానంలో. స్కూల్లో పీఈటీగా పనిచేస్తూ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే నేను, వాళ్లకు ఈ సినిమా వేసినప్పుడల్లా ఆ మైదానం కథ కూడా చెబుతాను. నాజీల కాలంలో ఆ క్లబ్బు నిజంగా ఏం పోగొట్టుకుందో పిల్లలకు తెలియాలని నా పట్టుదల.

ఎంటీకే 1888 నవంబరు 16న పుట్టింది. మొదట్లో కత్తిసాము, జిమ్నాస్టిక్స్ మాత్రమే ఉండేవి. 1901లో ఫుట్‌బాల్ వచ్చి చేరింది. క్లబ్బును నిలబెట్టినవాళ్లలో, ఆడినవాళ్లలో, చూడటానికి వచ్చినవాళ్లలో బుడాపెస్ట్ యూదులు చాలామంది. 1905లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ బ్రూల్ కూడా యూదుడే, సంపన్న వ్యాపారి. ఆయన హయాంలోనే 1912లో క్లబ్బుకు సొంత స్టేడియం లేచింది. తొలి మ్యాచ్‌లోనే చిరకాల ప్రత్యర్థి ఫెరెంట్స్‌వారోష్‌ను 1-0తో ఓడించారు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి జిమ్మీ హోగన్ అనే ఇంగ్లిష్ కోచ్ వియన్నాలో ఉన్నాడు. శత్రుదేశం మనిషని అక్కడివాళ్లు నిర్బంధించారు. ఎంటీకే పెద్దలు పూనుకుని ఆయన్ను బుడాపెస్ట్‌కు రప్పించుకున్నారు. ఇంగ్లండ్‌లో అప్పుడు బంతిని దూరంగా తన్ని వెంట పరుగెత్తడమే ఆట. హోగన్ మాత్రం బంతిని నేల మీదే ఉంచమనేవాడు. దగ్గర దగ్గర పాస్‌లు ఇచ్చుకోవాలి, బంతి కాలికి అందకముందే దాన్ని ఎటు పంపాలో తేల్చుకోవాలి. పార్కులో సరదాగా ఆడుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు ఆయన కంటపడ్డారు: ద్యోర్ద్ ఓర్త్, యోజెఫ్ బ్రౌన్. వాళ్లిద్దరూ ఆ తరం హంగరీ ఫుట్‌బాల్‌కే తలమానికాలయ్యారు. 1914 మొదలు 1925 దాకా అధికారికంగా జరిగిన పది లీగ్ టైటిళ్లూ వరసగా ఎంటీకేవే. మధ్యలో యుద్ధం వల్ల కొన్నేళ్లు అధికారిక లీగ్ జరగలేదు.

ఆ తర్వాతి భాగం చెప్పేటప్పుడు నా గొంతు తగ్గిపోతుంది. 1938 నుంచి హంగరీలో యూదులకు వ్యతిరేకంగా ఒకదాని తర్వాత ఒకటిగా చట్టాలు వచ్చాయి. వాటి దెబ్బకు 1940లో క్లబ్బు మూతపడింది. పార్కులో హోగన్ కనిపెట్టిన ఆ బ్రౌన్‌ను వెట్టిచాకిరీ దళంలో ఉక్రెయిన్‌కు తోలారు. 1943లో అక్కడే చనిపోయాడు. మూడున్నర దశాబ్దాలు క్లబ్బును కన్నబిడ్డలా సాకిన బ్రూల్‌ను 1944లో నాజీల ఆష్‌విట్జ్ మరణశిబిరంలో చంపేశారు. పది టైటిళ్ల జట్టులో ఆడిన అంతాల్ వాగోనూ అదే ఏడాది పొట్టన పెట్టుకున్నారు.

1945లో ప్రాణాలతో మిగిలినవాళ్లు క్లబ్బును మళ్లీ తెరిచారు. ఈసారి కమ్యూనిస్టు ప్రభుత్వం చేయి పడింది. 1950లో క్లబ్బును జౌళి పరిశ్రమకు అప్పగించి టెక్స్‌టిలెష్ అన్నారు. మరుసటేడు రహస్య పోలీసులకు ఇచ్చి బాస్త్యా అన్నారు. 1953లో వొరొష్ లొబొగొ, అంటే ఎర్రజెండా, అని మళ్లీ మార్చారు. సొంత పేరు తిరిగి రావడానికి 1956 దాకా పట్టింది.

పైవాళ్లు పేర్లు మారుస్తుంటే, కోచ్ మార్టొన్ బుకొవి మైదానంలో ఒక కొత్త ఆలోచనకు పదును పెడుతున్నాడు. 1948లో బలమైన సెంటర్ ఫార్వర్డ్ ఒకడు ఇటలీలోని లాజియో క్లబ్బుకు వెళ్లిపోయాడు. అంతటి దిట్ట మరొకడు దొరకలేదు. ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి కాబట్టి బుకొవి సెంటర్ ఫార్వర్డ్‌ను గోలు ముందు నుంచి మైదానం మధ్యకు లాగేశాడు. ముందు పేటెర్ పాలొతాష్, తర్వాత నాండోర్ హిదెగ్‌కుటి ఆ పాత్రను పండించారు.

ఇది పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు. సున్నంతో గీసిన పెనాల్టీ బాక్సు దగ్గర ఒక డిఫెండర్‌ను నిలబెడతాను. సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడే తొమ్మిదో నంబరు పిల్లాణ్ని గోలుకు వీపు పెట్టి సెంటర్ లైన్ వైపు రమ్మంటాను. డిఫెండర్ నాలుగడుగులు వెంటపడి, ఆగి, నా మొహం చూస్తాడు. “సార్, వెళ్లాలా? ఉండాలా?” వెళితే వెనకంతా ఖాళీ, పక్కనున్న ఇద్దరు ఫార్వర్డ్‌లు అందులోకి దూరిపోతారు. ఉండిపోతే తొమ్మిదో నంబరువాడు తీరిగ్గా తిరిగి, తలెత్తి చూసి పాస్ ఇస్తాడు. ఎటు చూసినా నష్టమే. 1953 నవంబరు 25న వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ డిఫెండర్ హ్యారీ జాన్‌స్టన్‌కు ఎదురైంది ఈ ప్రశ్నే. జవాబు దొరక్క ఆట ముగిసేదాకా సతమతమయ్యాడు.

మొదటి నిమిషంలోనే హిదెగ్‌కుటి గోలు కొట్టాడు. మొత్తం మూడు గోల్స్ అతనివే. హంగరీ 6-3తో గెలిచింది. యూరప్ ప్రధాన భూభాగపు జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డ మీద ఓడిపోవడం అదే మొదటిసారి. హంగరీ జట్టులో పుష్కాష్ సహా హోన్వేడ్ క్లబ్బువాళ్లు ఎక్కువే ఉన్నా, వెన్నెముక లాంటి ఆ ఎత్తుగడ ఎంటీకే నుంచి వచ్చింది. అప్పటికి ఏడుపదులు దాటిన హోగన్ తాను తర్ఫీదిస్తున్న ఆస్టన్ విల్లా కుర్రాళ్లను వెంటబెట్టుకుని ఆ మ్యాచ్‌కు వచ్చాడు. తమ ఆటకు మూలం హోగనేనని హంగరీ ఫుట్‌బాల్ పెద్దలు బాహాటంగా చెప్పారు.

రెండేళ్లకు యూరోపియన్ కప్ మొదలైంది. ఆ టోర్నీ చరిత్రలో తొలి హ్యాట్రిక్ పాలొతాష్‌ది, బెల్జియం క్లబ్బు ఆండర్‌లెక్ట్ మీద. 1964లో ఎంటీకే యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్ దాకా వెళ్లి, 3-3తో సమమయ్యాక, రెండోసారి ఆడిన మ్యాచ్‌లో పోర్చుగల్ క్లబ్బు స్పోర్టింగ్ చేతిలో 1-0తో ఓడింది. ఆ ఒక్క గోలూ కార్నర్ నుంచి నేరుగా నెట్‌లో పడింది.

ఎంటీకే ఖాతాలో ఇప్పటికి 23 లీగ్ టైటిళ్లు. చివరిది 2008లో. సినిమా తీసిన పాత స్టేడియాన్ని కూల్చి అక్కడే కొత్తది కట్టారు. దానికీ హిదెగ్‌కుటి పేరే. 2016లో ప్రారంభ మ్యాచ్‌కు అతిథిగా పిలిచింది ఆ స్పోర్టింగ్‌నే. క్లబ్బు అకాడమీ ఇంకా కుర్రాళ్లను తయారుచేస్తూనే ఉంది. జర్మనీలో పేరు తెచ్చుకున్న గోల్‌కీపర్ పేటెర్ గులాచి అక్కడ ఎదిగినవాడే.

ఈ క్లబ్బును చట్టంతో మూయించారు, మనుషుల్ని చంపారు, పేరు లాక్కున్నారు. కానీ హోగన్ నేర్పిన పాస్‌ను ఒక తరం ఇంకో తరానికి అందిస్తూ పోయింది. ఈ రోజు వెనక్కి జరిగి ఆడే సెంటర్ ఫార్వర్డ్‌ను ఏ టీవీ మ్యాచ్‌లో చూసినా, అందులో బుడాపెస్ట్ వాటా ఉందని నమ్ముతాను. అందుకే మా పిల్లలకు హిదెగ్‌కుటి మూడు గోల్స్ గురించి చెప్పిన రోజే బ్రౌన్, వాగో, బ్రూల్ పేర్లూ చెబుతాను. ఆట నేర్చుకునేవాళ్లు ఆ ఆటను మనదాకా తెచ్చినవాళ్లకు ఏం జరిగిందో కూడా నేర్చుకోవాలి.