పులికాట్‌లో ఒక రోజు

సెలవు రోజున పిల్లలతో వెళ్లి చూడదగిన చోట్లలో పులికాట్ సరస్సు ఒకటి. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత పెద్దదిగా దీనికి పేరు. డిసెంబరు, జనవరి నెలలలో పెందలకడనే సూళ్లూరుపేటలో దిగి శ్రీహరికోట రోడ్డున వెళ్లండి. ఆ దారి సరస్సు మధ్యగానే సాగుతుంది.

లోతులేని నీటిలో పొడుగు కాళ్లతో గుంపుగా నిలబడినవి రాజహంసలు, అనగా ఫ్లెమింగోలు. ముక్కును తలకిందులుగా ముంచి, బురదనీటిని వడగట్టి, నాచును, చిన్న జీవులను తింటాయి. వాటి గులాబీ రంగు ఆ ఆహారం నుండి వచ్చినదే. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి.

మధ్యాహ్నానికి దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చేరండి. సుమారు 459 హెక్టార్ల ఈ స్థలాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. చెరువు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని చాలామంది చెబుతారు. అది సరికాదు. ఉత్తరాది చలి దేశాల నుండి వచ్చేవి సూదితోక బాతు వంటివి. గూడబాతు మన దక్షిణాసియా పక్షే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. గూడబాతు గూడు నేలపట్టులో, దాని మేత పులికాట్‌లో. ఒకటి చెడితే రెండవదీ నిలువదు. ఈశాన్య రుతుపవనాల వానలు తప్పిపోయి చెరువు ఎండితే గూళ్లు కట్టవు. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే చేపలు తగ్గుతాయి. అప్పుడు పక్షితోపాటు వల వేసే జాలరి కుటుంబమూ పస్తుండవలసినదే.

రైతుకూ ఇందులో పాలు ఉంది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువని ఆ ఊరివారు ఎరుగుదురు. అందుకే వారు ఈ పక్షులను తమవిగా కాపాడుతూ వచ్చారు.

వెళ్లేటప్పుడు దుర్భిణి ఉంటే తీసుకు వెళ్లండి. గూళ్ల దగ్గర కేకలు వేయనివ్వకండి. బెదిరి తల్లి ఎగిరిపోతే పిల్ల ఎండకు మాడిపోతుంది. తిన్న పొట్లాల కాగితాలు, ప్లాస్టిక్ సంచులు మీతోనే తిరిగి తెచ్చుకోండి.

ఇంటికి వచ్చాక మీ ఊరి చెరువు గట్టుకు కూడా పిల్లలను తీసుకు వెళ్లండి. అక్కడ ఎన్ని కొంగలు వాలుతున్నాయో వారినే లెక్కపెట్టమనండి.