మొటిమలు: అపోహలు, వాస్తవములు

మొటిమలు ప్రాణాంతకమైన వ్యాధి కావు. అందుచేతనే వాటినిగూర్చి పంచాయతీ సమావేశములలో ఎవ్వరును ప్రస్తావింపరు. కాని పదునైదేండ్ల బాలిక అద్దము చూచుకొని బడికి పోనని కూర్చుండినప్పుడు, ఈడు వచ్చిన కుమార్తెకు సంబంధములు చూచుచున్నామని తల్లి తొందరపడి పేరైనను తెలియని పూతమందును తెచ్చి పూసినప్పుడు ఈ చిన్న విషయమే ఆ ఇంటికి పెద్ద చిక్కగును. తుమ్మలపెంట మొదలుకొని మైపాడు, కోడూరు, కృష్ణపట్నము వరకు గల మన నెల్లూరు సముద్రతీర గ్రామములలో ఈ చిక్కు లేని ఊరు ఉండదు. అజ్ఞానమువలన కలుగు నష్టము మొటిమవలన కలుగు నష్టముకంటె హెచ్చు. కనుక గ్రామ పెద్దలు ఈ విషయమును తెలిసికొనియుండుట మేలు.

మొటిమ ఎట్లు పుట్టును?

మన చర్మమునందలి రోమకూపములకు చిన్న చిన్న చమురు గ్రంథులు అంటియుండును. యౌవనారంభమున బాలురయందును, బాలికలయందును కొన్ని హార్మోనులు హెచ్చును. వాటి ప్రేరణచే ఆ గ్రంథులు జిడ్డును అధికముగా స్రవించును. అదే సమయమున రోమకూపములోపల రాలిపోవలసిన మృతకణములు రాలక, జిడ్డుతో కలిసి, సీసాకు బిరడావలె మార్గమును మూసివేయును. లోపల నిలిచిన జిడ్డునందు, చర్మముపై సహజముగానే నివసించు ఒక సూక్ష్మజీవి వృద్ధి పొందును. శరీరము దానిని ఎదుర్కొనుటచే ఎరుపు, వాపు, చీము కలుగును. ముఖము, వీపు, రొమ్ము భాగములందు ఈ గ్రంథులు ఎక్కువ గనుక మొటిమలును అచ్చటనే ఎక్కువ. తల్లిదండ్రులకు వచ్చియున్నచో బిడ్డలకు వచ్చు అవకాశము హెచ్చు. ఇందు ఆ పిల్లల తప్పేమియు లేదు.

జనులలో గల అపోహలు

"చేపలు, రొయ్యలు, గ్రుడ్లు వేడి చేయును, వాటివలన మొటిమలు వచ్చును" అనునది తీరగ్రామములందు మిక్కిలి వ్యాపించిన నమ్మకము. చేపలు మొటిమలను కలిగించునని నిరూపణ కాలేదు. చక్కెర అధికముగా గల తీపి పదార్థములు, శీతల పానీయములు, కొందరియందు పాలు మొటిమలను హెచ్చించునని కొన్ని పరిశోధనలు సూచించుచున్నవి. వాటిని తగ్గించుకొనుట మంచిదే. కాని ఎదుగు బాలికకు ఇంటిలో సులభముగా లభించు చేపకూరను మాన్పించుట హానికరము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగమునకు పైగా రక్తహీనతతో బాధపడుచుండిరి. అట్టిచోట మొటిమల పేరిట మాంసకృత్తులు, ఇనుము గల ఆహారమును తీసివేసినచో ముఖము బాగుపడకపోగా, ఒడలు క్షీణించును.

"ముఖము మురికిగా నుంచుకొనుటచే మొటిమలు వచ్చును" అనునది రెండవ అపోహ. నల్లముల్లునందలి నలుపు మురికి కాదు. రోమకూపము తెరచియుండుటచే అందలి పదార్థము గాలి తగిలి నల్లబడును. రోజునకు పదిసార్లు సబ్బుతో రుద్దినను, సున్నిపిండితో గట్టిగా తోమినను చర్మము ఒరసికొనిపోయి మంట హెచ్చును. ఉదయము, సాయంకాలము, చెమట పట్టిన పనినుండి వచ్చిన పిమ్మట తేలికపాటి సబ్బుతో మృదువుగా కడిగికొనుట చాలును.

"పెండ్లి అయినచో అవియే పోవును" అనుట మూడవది. వయస్సు ముదిరినకొలది పెక్కుమందికి మొటిమలు తగ్గుట వాస్తవమే. పెండ్లికిని దానికిని సంబంధము లేదు. ఈ మాట నమ్మి చికిత్సను వాయిదా వేసినచో జీవితాంతము నిలిచెడి గుంటలు, మచ్చలు పడవచ్చును. మొటిమలను నడవడికి ముడిపెట్టి నిందించుటయు అన్యాయమే.

"అంటుకొనును" అనుట నాలుగవది. మొటిమలు ఒకరినుండి మరియొకరికి అంటవు. కనుక బడిలో పిల్లలను వేరుగా కూర్చుండబెట్టనక్కరలేదు.

నిమ్మరసము, సున్నము, పండ్లుతోము పేస్టు మొదలగువాటిని మొటిమలపై పూయుట మరియొక దురలవాటు. ఇవి చర్మమును కాల్చి నల్లని మచ్చలను మిగుల్చును. గోటితో గిల్లుటయు అట్టిదే. తలకు పట్టించిన నూనె నుదుటిపైకి కారుటచే అచ్చట మొటిమలు హెచ్చవచ్చును. ఎండకు, గాలికి వెరచి ముఖమును తువ్వాలుతో బిగించి కట్టుకొనువారికి ఒరపిడిచే అవి ముదరవచ్చును. వదులైన, ఉతికిన నూలుగుడ్డ వాడుట మంచిది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము

ముఖమును తెల్లబరచునని, మొటిమలను మూడు దినములలో మాపునని చెప్పి అమ్మెడి కొన్ని పూతమందులలో స్టీరాయిడులు కలిసియుండును. పూసిన మొదటి వారమున ఎరుపు తగ్గి ముఖము నిగనిగలాడును. ఆ మాయయే మోసము. నెలల తరబడి వాడగా చర్మము పలుచబడును. ఎర్రని నరములు పైకి తేలును. ముఖముపై వెండ్రుకలు మొలచును. మునుపటికంటె దట్టముగా మొటిమలు పుట్టును. మానివేసినంతనే మంట హెచ్చుటచే మరల అదియే పూయవలసివచ్చును. చర్మవైద్యుల విజ్ఞప్తులమీదట కేంద్రప్రభుత్వము 2018లో పలు స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. చట్టము ఉన్నను, అడిగి కొనువారు ఉన్నంతవరకు అమ్మువారును ఉందురు. ఇదివరకే అట్టి పూతకు అలవాటుపడినవారు దానిని దాచక వైద్యునికి చూపి, ఆయన చెప్పిన రీతిగా మాన్పించుకొనవలెను.

తగిన చికిత్స

మొటిమలకు మంచి చికిత్స కలదు. బెంజాయిల్ పెరాక్సైడు సూక్ష్మజీవులను తగ్గించును. రాత్రివేళ పూయు అడాపలీను రోమకూపములు మూసికొనకుండ చేయును. ఇవి మొదట కొంచెము మంట, పొడితనము కలిగింపవచ్చును. ఫలితము కనబడుటకు సుమారు ఎనిమిది నుండి పండ్రెండు వారములు పట్టును. నాలుగు దినములు పూసి, గుణము లేదని మానివేయుటచేతనే పెక్కుమంది నిరాశ చెందుచున్నారు. తీవ్రమైన మొటిమలకు వాడు ఐసోట్రెటినాయిను గర్భస్థశిశువునకు ఘోరమైన అవకరములను కలిగించును. కనుక చర్మవైద్యుని పర్యవేక్షణలో తప్ప దానిని మ్రింగరాదు. గర్భవతులు ఏ మొటిమల మందునైనను వైద్యుని అడుగకుండ వాడరాదు. మొటిమలతోపాటు బాలికకు నెలసరి తప్పుచున్నను, గడ్డముపై వెండ్రుకలు వచ్చుచున్నను పరీక్ష అవసరము. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనబడినచో అది మొటిమల మచ్చ అని ఉపేక్షింపక కుష్ఠు పరీక్ష చేయింపవలెను. ఆ వ్యాధికి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచిత చికిత్స కలదు.

పంచాయతీ సభ్యులు చేయదగినది

10 నుండి 19 ఏండ్ల వయస్సువారి ఆరోగ్యము కొరకై 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము ప్రారంభమైనది. గ్రామమున ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము కలదు. ఆ సంఘము సమావేశమైనప్పుడు ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని పిలిపించి ఉన్నత పాఠశాలలో ఒక పూట ఈ విషయముపై మాటలాడించుట సులభము. చీటీ లేనిదే స్టీరాయిడు పూతలు అమ్మవలదని గ్రామములోని దుకాణదారులకు నచ్చజెప్పవచ్చును. ముదిరినవారిని నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని చర్మవైద్యుల కడకు పంపవచ్చును. ముఖము చూచి ఎగతాళి చేయు అలవాటును పెద్దలే ముందుగా మానవలెను. ఆ ఎగతాళిచే క్రుంగిపోయి అన్నము మాని, బడి మాని, ఒంటరిగా మెలగు పిల్లలను గుర్తించి ఓదార్చవలెను.

వీటిలో పెక్కింటికి నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలును. చేపకూర పళ్లెములోనే ఉండనిండు. పేరు తెలియని పూతమందును మాత్రము గడప దాటి లోనికి రానీయకుడు.