సంకల్పాన్ని నిలుపుకోవటం ఎలా?



రమజాన్‌లో ఫజ్ర్ నమాజుకు మన మస్జిదుల సఫ్‌లు వసారా దాకా వస్తాయి. షవ్వాల్ నెలవంక కనిపించిన పది రోజులకే అవి మళ్ళీ ఒకటి, రెండుకు తగ్గిపోతాయి. ఈ దృశ్యాన్ని ఏటా చూస్తున్నాం. రానివారిని లెక్కపెట్టి నిందించటం తేలిక. కాని ఖాళీ అయిన ఆ స్థలాల్లో ఏదో ఒక రోజు మన స్థలమూ ఉంటుంది. కారణం అడిగితే అందరం చెప్పే సమాధానం ఒకటే: మనసు గట్టిగా లేదు, సంకల్ప బలం చాలటం లేదు.

ఈ మాట ఎంతవరకు నిజం? గంటకొక బీడీ లేనిదే ఉండలేనని చెప్పే మనిషి, ఉపవాసం ఉన్ననాడు సహరీ మొదలు ఇఫ్తార్ వరకు 13, 14 గంటలు దానిని తాకడు. ఎండలో పని చేసి ఇంటికి వచ్చి, ఒంటరిగా ఉన్న గదిలో చల్లని నీళ్ళ కుండ ఎదుటే ఉన్నా గుక్కెడు తాగడు. చూసే మనిషి ఎవరూ లేరు. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ ఒక్కటే అతనిని ఆపింది. మగ్రిబ్ అజాన్ వినిపించిన కొద్దిసేపటికే అదే చేయి అగ్గిపెట్టె కోసం వెతుకుతుంది! కనుక శక్తి లేదనటం సరికాదు. రమజాన్‌లో ఆ శక్తికి ఆసరాగా నిలిచిన నియ్యత్, నిర్ణీత సమయం, ఇంటిల్లిపాది తోడు పండుగతో తొలగిపోయాయి. ఆసరా పోయిన పందిరిలా సంకల్పమూ ఒరిగిపోయింది.

దివ్య ఖుర్ఆన్ సూరా తాహా 115వ ఆయత్‌లో హజ్రత్ ఆదం (అలైహిస్సలాం) ప్రస్తావన ఉంది. ఆయన తనకు లభించిన ఆదేశాన్ని మరచిపోయారనీ, ఆయనలో ‘అజ్మ్’, అంటే దృఢ సంకల్పం, కానరాలేదనీ అల్లాహ్ తెలుపుతున్నాడు. మరపు, సంకల్ప లోపం అక్కడ పక్కపక్కనే పేర్కొనబడ్డాయి. మనలో చాలామంది తెలిసి తిరుగుబాటు చేసేవారు కాదు, మరచి, సడలిపోయేవారు. రోజుకు ఐదుమార్లు వినిపించే అజాన్ ఆ మరపు నుండి మనలను తట్టి లేపుతుంది.

మరి మేల్కొన్న మనిషి ఎంత బరువు ఎత్తుకోవాలి? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యౌవనంలో ప్రతిరోజూ ఉపవాసం పాటిస్తూ, రాత్రంతా నమాజులో గడపాలని నిశ్చయించుకున్నారు. దైవప్రవక్త (సఅసం) ఆయనను పిలిపించి, శరీరానికీ కళ్ళకూ భార్యకూ కూడా ఆయనపై హక్కులున్నాయని గుర్తుచేశారు. నెలకు మూడు ఉపవాసాలు చాలునన్నారు. తనకు అంతకంటే ఎక్కువ శక్తి ఉందని ఆ యువకుడు పట్టుబట్టగా పట్టుబట్టగా, చివరకు హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) పద్ధతిలో రోజు విడిచి రోజు వద్ద హద్దు గీశారు. వృద్ధాప్యంలో శరీరం సహకరించని స్థితిలో ఆయన, దైవప్రవక్త ఇచ్చిన సడలింపును ఆనాడే స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదో అని అనుకునేవారు. సహీహ్ బుఖారీలోని ఈ వృత్తాంతాన్ని, ఆవేశంలో పెద్ద పెద్ద ప్రతిజ్ఞలు చేసే మన యువకులు నిదానంగా చదవాలి. కొద్దిపాటిదైనా నిరంతరాయంగా సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. రేపటి నుండి తహజ్జుద్ విడువనని ప్రమాణం చేసి మూడవ రోజున ఫజ్ర్ కూడా పోగొట్టుకునేవాని కంటే, ఇషా తరువాత రెండు రకాతులు అదనంగా చదివి ఏడాది పొడవునా నిలుపుకునేవాడు ముందున్నాడు.

ఇక ఫజ్ర్ సంగతి. దీనిలో గెలుపోటములు తెల్లవారుజామున తేలేవి కావు. దైవప్రవక్త (సఅసం) ఇషాకు ముందు నిద్రించటాన్నీ, ఇషా తరువాత ముచ్చట్లలో పడటాన్నీ ఇష్టపడేవారు కారు. ఆనాటి ముచ్చట్ల స్థానాన్ని నేడు మన దిండు పక్కనున్న సెల్‌ఫోన్ ఆక్రమించింది. రాత్రి ఒంటిగంట దాకా దానిని చూసి, ఐదు గంటలకు మనసు గట్టిపడాలని కోరటం న్యాయమా? ఫోన్‌ను పక్క గదిలో ఉంచి, మేల్కొలిపే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పగించటం బలహీనత కాదు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (సఅసం) సైతం ఫజ్ర్‌కు లేపే బాధ్యతను హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించి విశ్రమించారు.

ఆ రాత్రి బిలాల్ (రజి)కు కూడా నిద్ర పట్టింది. ఎండ తగిలిన తరువాత గాని ఎవరూ మేల్కొనలేదు. అప్పుడు దైవప్రవక్త (సఅసం) అక్కడి నుండి కొంత దూరం కదలి, అందరితో కలిసి ఆ నమాజును నెరవేర్చారు. ఒకరోజు తప్పగానే “ఇక నావల్ల కాదు” అని మొత్తం విడిచిపెట్టటం షైతాన్ నేర్పే తర్కం. తప్పినవాడు గుర్తువచ్చిన వెంటనే లేచి నమాజు చేయాలి. గుట్కా మానిన మనిషి ఒకనాడు జారితే, ఆ పూటే తౌబా చేసుకుని తిరిగి మానాలి. జారిన చోటే కూర్చుంటే మొదటి తప్పుకు రెండవది తోడవుతుంది.

ఈ ప్రయత్నాలన్నిటితో పాటు దుఆ ఉండాలి. దైవప్రవక్త (సఅసం) తరచుగా చేసే ఒక దుఆను, ఆయనకు సేవచేసిన హజ్రత్ అనస్ (రజి) మనకు అందించారు. దానిలో దిగులు, దుఃఖం, పిసినారితనం, పిరికితనం, అప్పుల భారంతో పాటు అశక్తత నుండీ సోమరితనం నుండీ అల్లాహ్ శరణు కోరటం ఉంది. పాదాలు వాచేవరకు రాత్రి నమాజులో నిలబడిన మహనీయుడు ప్రతిసారీ కోరుకున్న శరణు అది.