నిత్యావసరాల ధరలు: తస్‌ఈర్, ఇహ్తికార్‌లపై ఫుఖహాల చర్చ

ధరలు పెరిగినప్పుడు ఎవరికి ఎంత దెబ్బ తగులుతుందో తెలుసుకోవాలంటే వారి ఖర్చులో తిండికి పోయే భాగం ఎంతో చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2023–24లో జరిపించిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబం తన ఖర్చులో సుమారు 47 శాతం, పట్టణ కుటుంబం సుమారు 40 శాతం ఆహారం మీదనే వెచ్చించింది. ఇది సగటు లెక్క. రోజుకూలి మీద బతికే ఇంట్లో ఈ భాగం ఇంకా ఎక్కువ. ఐదుగురున్న ఇంట్లో నెలకు నాలుగు కిలోల కందిపప్పు వాడతారనుకుందాం. కిలో 110 రూపాయల నుండి 180కి ఎక్కితే ఆ ఒక్క సరుకు మీదనే 280 రూపాయల అదనపు భారం. ఆ సొమ్ము పిల్లవాడి ఫీజులో నుంచో, ముసలి తల్లి మందులలో నుంచో రావాలి. రాకపోతే పప్పు కాస్తా నీళ్ళచారుగా మారుతుంది.

ఇటువంటి సమయంలో మన మస్జిదులలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. ధరలు అల్లాహ్ చేతిలో ఉన్నాయి, వాటిని నిర్ణయించడానికి స్వయంగా దైవప్రవక్త (సల్లం) నిరాకరించారు, కనుక మనకు సబ్ర్ తప్ప మార్గం లేదు అనేది ఒకటి. వర్తకులందరూ దొంగనిల్వదారులే, ప్రభుత్వం ప్రతి సరుకుకూ ధర కట్టి అమ్మించాలి అనేది రెండవది. ఇద్దరి దగ్గరా హదీసు ఉంది. రెండు హదీసులూ ప్రామాణికమైనవే. అయితే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన ఫుఖహాలు ఈ ఇద్దరిలో ఎవరితోనూ ఏకీభవించలేదు.

మొదటి హదీసును హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించగా అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్నె మాజా తమ గ్రంథాలలో చేర్చారు. మదీనాలో ధరలు పెరిగాయి. ధర నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త (సల్లం)ను కోరారు. ధరలను నిర్ణయించేవాడు, ఉపాధిని కుదించేవాడు, విస్తరింపజేసేవాడు అల్లాహ్‌యే అని ఆయన సెలవిచ్చారు. ఈ హదీసును చెప్పేవారు సాధారణంగా ఇక్కడితో ఆపివేస్తారు. కాని అది ఇక్కడితో ముగియలేదు. ప్రాణం విషయంలో గాని ధనం విషయంలో గాని తాను అన్యాయం చేశానని తనపై దావా వేసేవాడు ఒక్కడూ లేని స్థితిలో అల్లాహ్‌ను కలుసుకోవాలని ఆశిస్తున్నట్లు ఆయన చెప్పారు. నిరాకరణకు కారణం ఈ చివరి భాగంలో ఉంది. అన్యాయం జరుగుతుందనే భయమే ఆ కారణం గాని, ఏమీ చేయలేమన్న నిస్సహాయత కాదు.

అన్యాయం ఎవరికి? సరుకు తెచ్చిన వానికి. ఆనాటి మదీనాకు ధాన్యం ఎక్కువగా బయటి నుండి వచ్చేది. కిరాయికి పిండి విసిరేవారు, రొట్టెలు కాల్చి అమ్మేవారు అక్కడ లేరనీ, జనం గింజలు కొని ఇంట్లోనే విసురుకునేవారనీ ఇబ్నె తైమియా (మరణం 1328) గుర్తుచేస్తారు. అంటే సరుకును గుప్పిట పెట్టుకున్న మధ్యవర్తి అక్కడ లేడు. దూరం నుండి ఒంటెల మీద ధాన్యం తెచ్చినవాడు సంతలో అందరి ముందూ అమ్ముతున్నాడు. సరుకు తక్కువ, కొనేవారు ఎక్కువ, కనుక ధర పెరిగింది. అతని మెడ మీద చేయి వేసి తక్కువకు అమ్మమంటే అది అతని ధనం లాక్కోవడమే అవుతుంది. హంబలీ ఫఖీహ్ ఇబ్నె ఖుదామా (మరణం 1223) ఇంకొక చిక్కును కూడా చూపించారు. బలవంతంగా ధర కడితే బయటి వర్తకుడు ఆ ఊరి ముఖం చూడడు, ఊళ్ళోని వర్తకుడు సరుకు దాచేస్తాడు, అవసరమున్నవాడు చాటుగా ఎక్కువ ధర ఇచ్చి కొంటాడు. అనగా చౌక కోసం చేసిన పని కరువుకే దారితీస్తుంది.

ఇక రెండవ హదీసు. పాపి తప్ప మరెవ్వడూ ఇహ్తికార్ చేయడన్న భావం గల ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఈ 'ఇహ్తికార్' అనే పదాన్ని అనువదించడం నాబోటి అనువాదకునికి కొంత ఇబ్బందే. 'నిల్వ చేయడం' అంటే నేరం లేని పని కూడా అందులోకి వచ్చేస్తుంది. 'నల్లబజారు' అంటే అది చట్టానికి సంబంధించిన మాట. జనానికి అవసరమైన సరుకును కొని, ధర ఇంకా పెరగాలనే ఉద్దేశంతో అమ్మకుండా బిగబట్టడం అనేది దాని అర్థం. మన వాడుకలోని 'దొంగనిల్వ' దానికి దగ్గరగా ఉంది.

ఈ హదీసు వెంట ఒక ఆసక్తికరమైన సంగతి కూడా ఉల్లేఖించబడింది. దీన్ని చెప్పిన సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మలై)తో ఎవరో, తమరే ఇహ్తికార్ చేస్తారు గదా అన్నారు. తనకు ఈ హదీసు చెప్పిన సహాబీ మఅమర్ (రజి) కూడా చేసేవారని ఆయన బదులిచ్చారు. వారు నిల్వ చేసింది జైతూన్ నూనె వంటి వస్తువులనీ, హదీసులోని నిషేధం ప్రజలకు కొరతగా ఉన్న ఆహారానికి సంబంధించినదనీ ముహద్దిసులు వివరించారు. ఆనాడు నూనె ప్రాణాధారమైన ఆహారంలో లెక్కకు రాలేదు. మరి ఈనాడో? పోపు పెట్టని ఇల్లు మన ప్రాంతంలో ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు హనఫీ మజ్హబ్‌లోనే జవాబు దొరుకుతుంది. మన మదర్సాలలో తరతరాలుగా బోధింపబడుతున్న 'హిదాయా'లో ముగ్గురు ఇమాముల అభిప్రాయాలూ ఉన్నాయి. ఇహ్తికార్ మనుషుల తిండికీ పశువుల మేతకూ పరిమితమని ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) అన్నారు. బట్టలలో ఇహ్తికార్ లేదని ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) అన్నారు. బిగబట్టితే జనసామాన్యానికి హాని కలిగే వస్తువు ఏదైనా సరే అది ఇహ్తికారే అని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) అన్నారు. అబూ యూసుఫ్ హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు, బజారును దగ్గర నుండి ఎరిగినవారు. ధాన్యం సమృద్ధిగా ఉండి కూడా ధర ఎక్కువగా ఉండవచ్చుననీ, కొరతగా ఉండి కూడా ధర తక్కువగా ఉండవచ్చుననీ ఆయన తన 'కితాబుల్ ఖరాజ్'లో రాశారు. ధరకు కొరత ఒక్కటే కారణమనుకునేవారికి పన్నెండు వందల ఏళ్ళ క్రిందటి ఈ మాట నేటికీ పనికివస్తుంది. వంటనూనె విషయంలో అబూ యూసుఫ్ అభిప్రాయమే నేటి పరిస్థితికి తగినదని నాకు తోస్తుంది.

ధరల నిర్ణయం గురించి కూడా 'హిదాయా' తీర్పు స్పష్టంగానే ఉంది. పాలకుడు ధర కట్టరాదు. అయితే ఆహారం అమ్మేవారు విపరీతంగా హద్దు మీరి, మరే విధంగానూ ప్రజల హక్కును కాపాడడం న్యాయమూర్తికి సాధ్యం కానప్పుడు, తెలివీ అనుభవమూ గలవారిని సంప్రదించి ధర నిర్ణయించవచ్చు. మాలికీ ఫఖీహ్ ఇబ్నె హబీబ్ ఆ సంప్రదింపు ఎలా ఉండాలో కూడా చెప్పారు. బజారు పెద్దలనూ, వారి మాటలోని నిజానిజాలు తేల్చడానికి బయటివారినీ ఒకచోట కూర్చోబెట్టాలి. ఎంతకు కొంటున్నారు, ఎంతకు అమ్ముతున్నారు అని అడగాలి. వారికీ జనానికీ గిట్టుబాటయ్యే ధరకు వారినే ఒప్పించాలి. ఇబ్నె తైమియా ఈ చర్చనంతా ఒక కొలిక్కి తెచ్చారు. సరుకు తగ్గడం వల్ల గాని జనం పెరగడం వల్ల గాని ధర పెరిగితే బలవంతం చేయడం జుల్మ్. సరుకు ఉండి కూడా అమ్మనివారినీ, ఆ సరుకు తాము తప్ప ఇతరులు అమ్మకుండా కట్టుదిట్టం చేసుకున్నవారినీ న్యాయమైన ధరకు అమ్మేటట్లు నిర్బంధించడం వాజిబ్.

కావున అడగవలసిన మొదటి ప్రశ్న 'ధర కట్టాలా, వద్దా' అన్నది కాదు. 'ధర ఎందుకు పెరిగింది' అన్నది. ఈ కొలతతో మన వంటింటి సరుకులు కొన్నింటిని చూద్దాం.

వంటనూనెలో సగానికి పైగా మన దేశం దిగుమతి చేసుకుంటుంది. పామాయిల్ ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుండి వస్తుంది. పొద్దుతిరుగుడు నూనెకు ఉక్రెయిన్, రష్యాలు ముఖ్యమైన ఆధారాలు. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైంది. అదే సంవత్సరం ఏప్రిల్ చివరలో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని సుమారు మూడు వారాలు నిలిపివేసింది. అప్పుడు బేగంబజారు దుకాణాల మీద ఎన్ని దాడులు చేసినా నూనె వచ్చేది కాదు. 2024 సెప్టెంబరులో ధర పెరగడానికి కారణం వేరు. నూనెగింజల రైతుకు రక్షణగా ప్రభుత్వం ముడి నూనెల మీద 20 శాతం ప్రాథమిక సుంకం విధించి, 2025 మే చివరలో దాన్ని 10 శాతానికి తగ్గించింది. సుంకాలు చివరకు సరుకు ధరలోనే కలుస్తాయని ఇబ్నె ఖల్దూన్ 'ముఖద్దిమా'లో గమనించారు. రైతు కోసం వేసిన సుంకాన్ని తప్పుపట్టలేము గాని, దాని భారం ఎవరి కడాయి మీద పడిందో చెప్పుకోవాలి గదా.

ఇక్కడే మరొక సంగతి. నూనె ప్యాకెట్ మీది ధర మారకుండా లోపలి సరుకు తగ్గడం ఈమధ్య గృహిణులందరూ గమనించినదే. బరువు అచ్చువేసే ఉంటుంది కనుక దీన్ని సూరయె ముతఫ్ఫిఫీన్‌లో ఖండించబడిన తూకపు మోసమని చెప్పడం కష్టం. కాని కొనేవాడు గమనించడన్న ఆశతోనే ఆ పని జరిగితే, ఫిఖ్హ్‌లో 'తద్లీస్' అనబడే మరుగుపరచడానికి అది చాలా దగ్గరలో ఉంది.

కందిపప్పు కథ మిశ్రమమైనది. 2014, 2015 సంవత్సరాలలో వరుసగా వర్షాలు తగ్గాయి. 2015 అక్టోబరు నాటికి కిలో ధర కొన్నిచోట్ల 200 రూపాయలకు చేరింది. కొరత నిజమే. కాని నిల్వలపై పరిమితి విధించి తనిఖీలు జరిపినప్పుడు వేలాది టన్నుల పప్పుధాన్యాలు గిడ్డంగులలో పట్టుబడ్డాయి. అనగా సగం దైవికం, సగం మానవ కల్పితం. మరుసటి సంవత్సరం వానలు కురిశాయి, ధర చూసి రైతులు విస్తారంగా కంది వేశారు, 2017 ఆరంభంలో పంట మార్కెట్టుకు వచ్చేసరికి ధర మద్దతు ధర కంటె కిందికి పడిపోయింది. కొన్నవాడూ ఏడ్చాడు, పండించినవాడూ ఏడ్చాడు. మళ్ళీ 2023 జూన్ 2న కందులు, మినుముల నిల్వలపై పరిమితి వచ్చింది. టోకు వర్తకునికి ఒక్కొక్క పప్పుధాన్యం 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు. మన గల్లీలోని కిరాణా కొట్టులో ఐదు టన్నుల కందిపప్పు ఎప్పుడైనా ఉంటుందా? కాబట్టి ఆ కొట్టువాణ్ణి దొంగనిల్వదారుడని తిట్టడం న్యాయం కాదు. అతను వారం వారం అప్పు మీద తెచ్చుకుని అమ్ముకునేవాడు. తన పొలంలో పండిన పంటను ఇంట్లో ఉంచుకున్న రైతు కూడా ఇహ్తికార్ చేసినవాడు కాడని 'హిదాయా' చెబుతుంది.

ఉల్లి సంగతి చూస్తే దైవప్రవక్త (సల్లం) భయపడిన అన్యాయం ఎలా ఉంటుందో అర్థమవుతుంది. పట్టణాలలో ధర పెరగగానే 2023 డిసెంబరులో ప్రభుత్వం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. 2024 మేలో గాని దాన్ని ఎత్తివేయలేదు. పట్టణంలో ధర తగ్గింది, మహారాష్ట్ర రైతు నష్టపోయాడు. 2025లో కర్నూలులో ధర కుప్పకూలి, ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చింది. దొంగనిల్వదారుని పట్టుకోవడం ఒకటి, కష్టపడి పండించినవాని లాభాన్ని కత్తిరించి మరొకరి కూర చౌక చేయడం మరొకటి. రెండవది ధర కట్టినట్లు పైకి కనిపించదు గాని, ఫలితంలో తస్‌ఈర్‌కు భిన్నమైనది కాదు.

మన చరిత్రలో ధరలు కట్టి అమలు జరిపిన పాలకుడు అలావుద్దీన్ ఖిల్జీ (పాలన 1296–1316). ఢిల్లీలో మణుగు గోధుమలు ఏడున్నర జీతళ్ళు, బియ్యం ఐదు జీతళ్ళు అని జియావుద్దీన్ బరనీ నమోదు చేశాడు. ఆ ధరలు కేవలం ఫర్మానా బలంతో నిలబడలేదు. దోఆబ్ ప్రాంతపు శిస్తును ధాన్యరూపంలో వసూలు చేసి ఢిల్లీ గిడ్డంగులు నింపారు. అనావృష్టిలో ఆ ధాన్యాన్ని విడుదల చేసి, మనిషికి ఇంత అని కొలిచి అమ్మారు. కాని ఆ శిస్తు పంటలో సగం. సుల్తాను కన్నుమూయగానే ఆ ఏర్పాటు చెదిరిపోయింది. సరుకు నిల్వ ఉన్న ప్రభుత్వమే ధరను అదుపు చేయగలదన్నది మాత్రం నిజం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూడా గిడ్డంగి బలంతోనే నడిచింది. ఏ వర్తకుని సరుకునూ లాక్కోకుండా, ప్రభుత్వం తాను కొన్న ధాన్యాన్ని తాను నష్టపోయి అమ్మింది. తస్‌ఈర్‌ను వ్యతిరేకించే ఫఖీహ్ కూడా దీనిలో తప్పు చూపలేడు.

ఇల్లాళ్ళు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, బియ్యం కొని పెట్టుకోవడం మన ఇళ్ళలో అలవాటు. ఇది ఇహ్తికారా? కాదు. బనూ నజీర్ భూముల రాబడి నుండి దైవప్రవక్త (సల్లం) తమ కుటుంబానికి ఏడాది గ్రాసం కేటాయించేవారని బుఖారీలో ఉంది. అయితే ఇమామ్ నవవీ (రహ్మలై), ఖాజీ ఇయాజ్ (రహ్మలై) మాటను ఉటంకిస్తూ ఒక భేదం చూపారు. సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు బజారు నుండి ఏడాదికి సరిపడా కొనవచ్చు. కొరతగా ఉన్నప్పుడు ఇతరులకు ఇరుకు కలగకుండా కొద్ది రోజులకో నెలకో సరిపడా మాత్రమే కొనాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించిన వారంలో చేతిలో డబ్బున్నవారు మూడు నెలల సరుకు బండ్ల మీద వేసుకుపోయారు. సాయంత్రం కూలి చేతికందాక కిలో పప్పు కోసం వచ్చినవాడు ఖాళీ బస్తాలు చూసి తిరిగి వెళ్ళాడు. ఆ వారం మన వీధులలో జరిగినదానికి ఏ టోకు వర్తకుడూ కారణం కాదు.