కానుకల పళ్లెంలో ఉత్తరం

క్రైస్తవ సేవ అనగానే మనకు అన్నదానమూ ఆసుపత్రీ గుర్తుకొస్తాయి. ఆకలి తీర్చే బాధ్యతను ప్రభుత్వ ఖజానాకు గుర్తుచేయడం దాని మరో ముఖం. అమెరికాలో లూథరన్ పాస్టర్ ఆర్థర్ సైమన్ నాయకత్వంలో 1974లో మొదలైన ‘బ్రెడ్ ఫర్ ది వరల్డ్’ అన్నం పంచదు. ఆహార పథకాలకు నిధులు కోరుతూ విశ్వాసుల చేత చట్టసభ సభ్యులకు ఉత్తరాలు రాయిస్తుంది. ఆరాధనలో ఆ ఉత్తరాలే కానుకలు.

ఈ దారి మన నేలకు కొత్త కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పనిని ప్రభుత్వం నుంచి గుత్తకు తీసుకున్నాడు. అత్యధికులు మాదిగలైన తన బోధకులనే పర్యవేక్షకులుగా పెట్టాడు. నిధి మంజూరు కావడం సగం పని. అది ఎవరి చేతుల మీదుగా వెళ్తుందన్నది మిగతా సగమని ఈ చరిత్ర నుంచి నేను గ్రహిస్తాను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పరిధిలోకి సవరణల ద్వారా 1956లో సిక్కు దళితులు, 1990లో బౌద్ధ దళితులు వచ్చారు. క్రైస్తవ దళితులు నేటికీ వెలుపలే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సి. కనుక ఎస్సీలకు జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించమన్న 2013 ఉపప్రణాళిక చట్టం లెక్కలో వారు లేరు. మతం మారినా వాడ మారలేదు, కూలి మారలేదు.

మన సంఘాలు ఆదివారం కానుకలను లెక్కించినంత శ్రద్ధగా బడ్జెట్ పద్దులనూ లెక్కించాలి, శాసనసభ్యులను రాతపూర్వకంగా నిలదీయాలి. ఎస్సీల ప్రస్తుత వాటా తగ్గకుండా, క్రైస్తవ దళితులకు అదనపు నిధి కోరడమే ఆ ఉత్తరంలో మొదటి వాక్యం కావాలి.