కన్నవారికి శిక్ష పడితే పిల్లల గతేమిటి?

ధరణికోట: తప్పు చేసినవాడు శిక్ష అనుభవించాల్సిందే. అయితే కన్నవారు జైలుకు పోతే ఇంటి దగ్గర మిగిలే పసివాళ్ల మాటేమిటి? మిరప కోతల కూలితో పొయ్యి వెలిగే ఇళ్లలో అవ్వో, మేనత్తో చేరదీస్తే సరి. లేకుంటే బడి మాని పిల్లలే కూలికి పోవాలి.

ఈ సంగతి కోర్టులకు కొత్తేమీ కాదు. రాజీవ్ గాంధీ హత్య కేసులో 1999లో సుప్రీంకోర్టు నళినికి ఉరిశిక్ష ఖాయం చేసింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ కె.టి.థామస్ మాత్రం ఒప్పుకోలేదు. భర్తకూ ఉరే పడినందున, ఆమెనూ ఉరితీస్తే చిన్న పాప దిక్కులేనిదవుతుందన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. 2000లో ఆమె ఉరిశిక్ష యావజ్జీవంగా మారింది.

మన రాష్ట్రం పేరుతోనే మరో పెద్ద తీర్పు ఉంది. ఆర్.డి.ఉపాధ్యాయ్ వేసిన కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, ఆరేళ్లు వచ్చేవరకు బిడ్డ తల్లితోపాటు జైల్లో ఉండవచ్చు. ఆ బిడ్డను ఖైదీలా చూడరాదు. తిండి, బట్ట, మందు, చదువు, ఆట బిడ్డకు హక్కు. జననం నమోదు చేసేటప్పుడు పుట్టిన చోటు జైలని రాయకూడదు. ఆరేళ్లు దాటాక తల్లి కోరినవారికి గానీ, సంక్షేమ వసతికి గానీ అప్పగించి, వారానికొకసారైనా తల్లిని చూడనివ్వాలి. బిడ్డలతో జైల్లో ఉన్న తల్లుల కేసులు ముందుగా తేల్చాలని కూడా చెప్పింది.

ఇదంతా జైలుకు పోయాక మాట. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2007లో ఇంకో అడుగు వేసింది. మోసం కేసులో శిక్ష పడిన ముగ్గురు కొడుకుల తల్లిని జైల్లో ఉంచకుండా, బయటే అధికారి పర్యవేక్షణలో పెట్టి, మోసపోయినవారి సొమ్ము కట్టమంది. శిక్ష వేసే ముందే పిల్లల మేలు చూడాలన్నది. ఇంట్లో పెళ్లాంబిడ్డల్ని చావబాదేవాడు ఈ మాట అడ్డం పెట్టుకుంటే మాత్రం చెల్లకూడదు.

మన చట్టంలోనూ దారి ఉంది. నేరం రుజువయ్యాక, శిక్ష ఎంతన్న దానిపై ముద్దాయి మాట జడ్జీగారు వినాలి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఈ ఏర్పాటు ఉంది. 'దయచూడండయ్యా' అని దండం పెట్టి ఊరుకుంటే చాలదు. పిల్లలెందరు, వయసెంత, చూసే దిక్కెవరు అన్నది బడి కాగితం, రేషన్ కార్డు చూపి చెప్పుకోవాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలు కాకుంటే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదిలే అధికారం కోర్టుకుంది. స్త్రీలకు, జైల్లో ఉన్నవారికి, ఎస్సీ, ఎస్టీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. పిల్లల కాగితాలు తీర్పు రోజుకు ముందే ఆ వకీలు చేతికి అందాలి.